గదిలో ప్రార్థన, పక్క గదిలో అమ్మ

మీ ఉత్తరాలు – నా జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మా అత్తగారికి మతిమరుపు జబ్బు. ఇప్పుడు ఇంట్లో ఎవర్నీ గుర్తుపట్టరు. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, రాత్రిళ్ళు లేచి తిరుగుతుంటే పట్టుకొచ్చి పడుకోబెట్టడం అన్నీ నా మీదే పడ్డాయి. మావారు ఆవిడకు ఒక్కడే కొడుకు. చాలా భక్తిపరులు. తెల్లవారకముందే లేచి తలుపేసుకుని రెండు గంటలు ప్రార్థనలో కూర్చుంటారు. సాయంత్రం మళ్ళీ ఒక గంట. ఆ టైంలో ఆవిడ పిలిచినా, ఏడ్చినా తలుపు తీయరు. అడిగితే, "ఈ బంధాలన్నీ నాలుగు రోజుల ముచ్చట. చివరికి మిగిలేది దేవుడి మీద ప్రేమ ఒక్కటే. నువ్వూ కాసేపు కూర్చుని చూడు, నీ చిరాకు తగ్గుతుంది" అంటారు. ఆయన చెడ్డవారు కాదు, నన్ను పల్లెత్తు మాట అనరు. కానీ నాకు ప్రార్థన చేయబుద్ధి కావడం లేదు. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది, లేదంటే ఏడుపొస్తుంది. ఆయన దేవుణ్ణి ప్రేమిస్తున్నారు. నేను ఆయన తల్లికి చాకిరీ చేస్తున్నాను, అదీ ప్రేమతో కాదు, విసుగుతో. దేవుణ్ణి ప్రేమించడం గొప్పా, మనుషుల్ని ప్రేమించడం గొప్పా? మా ఇద్దరిలో ఎవరు సరైన దారిలో ఉన్నట్టు?
– పేరు రాయవద్దు

జవాబు: అమ్మా, తిన్నగా చెబుతాను. దేవుడూ మనిషీ ఒకేసారి పిలిస్తే ముందు మనిషి దగ్గరికే వెళ్ళాలి. మీ అత్తగారు ఏడుస్తుంటే మీవారు ప్రార్థన మధ్యలోనైనా లేచి తలుపు తీయాలి. లేచినందుకు దేవుడేమీ అనుకోడు. మీది ఏ మతమో మీరు రాయలేదు, నేను అడగను కూడా. నేను చదువుకున్న ఏ మత గ్రంథంలోనూ ఈ ఒక్క విషయంలో మీవారికి వత్తాసు దొరకలేదు.

భాగవతం మూడో స్కంధం చూడండి. విష్ణువు అవతారంగా చెప్పే కపిలుడు భక్తి గురించి చెబుతూ, అన్ని ప్రాణుల్లోనూ నేనే ఉన్నాను, అక్కడున్న నన్ను వదిలేసి విగ్రహాన్ని మాత్రం కొలిచేవాడు బూడిదలో హోమం చేస్తున్నట్టే అంటాడు. చాలా కటువైన మాట. నెయ్యి మంచిదే, మంత్రం సరైనదే, పోసే చెయ్యి శుభ్రమైనదే. కింద నిప్పు లేదు, అంతే. అలాగని పూజ మానేయమని ఆయన అనలేదు. తన గుండెలోనూ, సమస్త ప్రాణుల్లోనూ దేవుడున్నాడని తెలిసేదాకా పూజ చేస్తూనే ఉండమన్నాడు. ఆ చూపు రావడం కోసమే పూజ అన్నమాట. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మాటలు కపిలుడు ఏ మునుల సభలోనో చెప్పలేదు. కన్నతల్లి దేవహూతి అడిగితే ఆమెకు చెప్పాడు. దేవుడి గురించి అంత లోతైన మాటలు ఒక కొడుకు తన తల్లి ఎదుట కూర్చుని చెప్పినవి. మీవారికి భాగవతం పరిచయం ఉంటే ఈ ఒక్కటి గుర్తుచేయండి.

మార్కు సువార్త ఏడో అధ్యాయంలో మీ ఇంటికి ఇంకా దగ్గరి సంగతి ఉంది. ఆ కాలంలో కొందరు తల్లిదండ్రులకు అందాల్సిన దాన్ని 'కొర్బాను' అనేసేవారు. అంటే దేవుడికి అర్పితమైపోయిందని. ఒకసారి ఆ మాట అనేశాక తల్లికీ తండ్రికీ ఏమీ చేయనక్కర్లేదు. పైకి చూస్తే తప్పు చేసినట్టే ఉండదు, పైగా భక్తి కింద లెక్క. యేసు దాన్ని ఒప్పుకోలేదు. మీ ఆచారం కోసం దేవుడి ఆజ్ఞనే కొట్టేస్తున్నారని మొహం మీదే అన్నాడు. మీవారు డబ్బు దగ్గర అలా చేసి ఉండరు. కానీ ఆ మూడు గంటల మాటేమిటి? తల్లికి చెందాల్సిన కాస్త టైమునీ తీసుకెళ్ళి దేవుడి పేరున రాసేశారు కదా.

ఖురాన్ రెండో అధ్యాయం 177వ వాక్యం కూడా అంతే. ముఖాలు తూర్పుకో పడమటికో తిప్పుకోవడం కాదు పుణ్యమంటే అని మొదలవుతుంది. ముందు దేవుడి మీద విశ్వాసం చెబుతుంది. ఆ తర్వాత బంధువులకు, అనాథలకు, పేదలకు, బాటసారులకు పెట్టడం గురించి చెబుతుంది. నమాజు మాట ఎత్తేది ఇవన్నీ అయ్యాకే. పుండరీకుడి కథ మీకు తెలిసే ఉంటుంది. తల్లిదండ్రుల సేవలో ఉండగా దేవుడు గుమ్మంలోకి వస్తే, ఒక ఇటుక విసిరి దాని మీద ఉండమన్నాడు. దేవుడు ఉన్నాడు. అలిగి వెళ్ళిపోయాడని ఎవరూ చెప్పుకోరు.

ఇదంతా చదివి మీవారిది దొంగ భక్తి అని తేల్చేయకండి. నాకలా అనిపించడం లేదు. కన్నతల్లి ఎదురుగా కూర్చుని "మీరెవరు బాబూ" అని అడిగితే కొడుక్కి అది మామూలు దెబ్బ కాదు. ఆ దెబ్బ తట్టుకోలేక లోపలికి వెళ్ళి తలుపేసుకునే మగవాళ్ళు ఉంటారు. ఆ గదిలో ఆయన దేవుడి దగ్గర ఉన్నారో, తల్లి నుంచి తప్పించుకుని ఉన్నారో నాకు తెలియదు. బహుశా ఆయనకూ తెలియదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. దేవుడి మీద ప్రేమ విషయంలో మనల్ని మనం చాలా తేలిగ్గా నమ్మించుకోగలం. కళ్ళు మూసుకుంటే నీళ్ళొస్తాయి, ఒళ్ళు పులకరిస్తుంది, అదే ప్రేమ అనుకుంటాం. అది దేవుడి మీదో, ఆ అనుభూతి మీదో ఎవరు చెప్పాలి?

16వ శతాబ్దంలో స్పెయిన్‌లో అవిలా తెరెసా అనే సన్యాసిని ఉండేది. ప్రార్థనలో ఎంత లోతుకు వెళ్ళవచ్చో అంత లోతుకూ వెళ్ళిన మనిషి. 1577లో తన మఠాల్లోని సోదరీమణుల కోసం రాసిన పుస్తకంలో ఇలా అంటుంది: మనం దేవుణ్ణి ప్రేమిస్తున్నామా లేదా అన్నది మనకు కచ్చితంగా తెలియదు, కొన్ని గుర్తులు కనిపించవచ్చు, అంతే. తోటివాళ్ళని ప్రేమిస్తున్నామా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది. జబ్బుపడిన సోదరి కనిపిస్తే నీ భక్తి పోతుందేమోనని భయపడకు, వెళ్ళి సాయం చెయ్యి అని కూడా అంటుంది. జీవితమంతా ప్రార్థన నేర్పిన మనిషి నోటి నుంచి వచ్చింది కాబట్టి ఆ మాట మీద నాకు గురి. ప్రార్థన చేతగానివాళ్ళు అన్నమాట కాదది.

మరి దేవుణ్ణి ప్రేమించడం పక్కన పెట్టేద్దామా? వద్దు. అన్నిటికన్నా మొదటి ఆజ్ఞ ఏదని ఒక శాస్త్రి అడిగితే యేసు ఒకటి చెప్పి ఊరుకోలేదు. పూర్ణ హృదయంతో దేవుణ్ణి ప్రేమించమన్నాడు, ఆ వెంటనే నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టు పొరుగువాణ్ణి ప్రేమించమన్నాడు. అడిగింది ఒకటి, చెప్పింది రెండు. పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీన్ ఈ రెంటి గురించి ఒక చక్కని మాట అన్నాడు. ఆజ్ఞల వరసలో దేవుడి మీద ప్రేమ ముందు, ఆచరణ వరసలో పొరుగువాడి మీద ప్రేమ ముందు అన్నాడు. మీ ప్రశ్నకు ఇంతకన్నా పొట్టి జవాబు నాకు దొరకలేదు. మన పోతన్న కూడా రెంటినీ విడదీయలేదు. "చేతులారంగ శివుని బూజింపడేని, నోరు నొవ్వంగ హరికీర్తి నుడువడేని, దయయు సత్యంబు లోనుగా దలపడేని, కలుగ నేటికి దల్లుల కడుపుచేటు" అన్నాడు. చిన్నప్పుడు బళ్ళో అందరం వల్లించిందే. శివపూజ, హరికీర్తన, దయ, సత్యం అన్నీ ఒకే పద్యంలో, ఒకే ఊపిరిలో పెట్టాడు. మొదటి రెండు చేస్తున్నాను కాబట్టి మూడోది మాఫీ అనుకోవడానికి ఆ పద్యంలో సందు లేదు. చివర్లో తలుచుకున్నదేమో తల్లినే.

దేవుణ్ణి ఎందుకు వదలకూడదంటే, మన ప్రేమ మన ఇష్టం ఉన్నంత దూరమే నడుస్తుంది. నచ్చినవాళ్ళ దగ్గర, మనల్ని గుర్తుపెట్టుకునేవాళ్ళ దగ్గర బాగానే ఉంటుంది. మీ అత్తగారికి మీ పేరు కూడా తెలియదు. ఇవాళ చేసింది రేపటికి ఆవిడకు గుర్తుండదు. అలాంటి చోట ఇష్టం చాలదు. ఈ మనిషి నాకు నచ్చినా నచ్చకపోయినా ఒకరికి ఎంతో విలువైనది, ఆ ఒకరు నన్ను నమ్మి నా చేతిలో పెట్టారు అనే ఎరుక ఉంటే తప్ప మంచం పక్కన ఎక్కువ కాలం నిలబడలేం. నా వరకు ఆ ఎరుక దేవుడి దగ్గరి నుంచే వచ్చింది.

'నీ సేవే పూజ తల్లీ' అని చెప్పి మిమ్మల్ని పంపించేయను. అలిసిపోయిన ఆడదానికి ఆ మాట చెబితే ఇంకాస్త చాకిరీ చేయమన్నట్టే ఉంటుంది. మనుషులకు చేయాల్సింది మీరొక్కరే, దేవుడి దగ్గర కూర్చోవాల్సింది ఆయనొక్కరే అని మీ ఇంట్లో పంచేసుకున్నారు. ఆ పంపకమే తప్పు. ఆయనకు తల్లి దగ్గర పని బాకీ ఉంది. మీకు ఆ తలుపు వెనక నిశ్శబ్దం బాకీ ఉంది.

ఇక ఆ 'ప్రేమతో కాదు, విసుగుతో' అన్న మాట. అది చదివి చాలాసేపు ఆగిపోయాను. మావారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక మింగడం కూడా కష్టమైంది. గబుక్కున తాగితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయని డాక్టరు హెచ్చరించారు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త గుండెకేసి వంచి, చిన్న చెంచాతో కొంచెం కొంచెంగా పోయాలి. పోశాక గొంతు మీది ముడి పైకి లేచి కిందికి దిగేదాకా చూడాలి. అది దిగితేనే రెండో చెంచా. ఒక్కోసారి ఎంతకీ కదిలేది కాదు. నీళ్ళు నోట్లోనే ఉంచుకుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయేవారు. అవతల ఫోను మోగుతుండేది, వంటింట్లో ఏదో మాడుతుండేది, నాకు లోపల విసుగు మరిగిపోయేది. అయినా నా కళ్ళు ఆయన గొంతు మీదే ఉండేవి. విసుగొచ్చిందని చెంచా తొందరపడింది లేదు. ప్రేమ అంటే నాకు తెలిసింది ఆ కళ్ళు అక్కడ నిలిచి ఉండటమే. లోపల ఏం మరుగుతోందన్నది వేరే లెక్క. దానికి చాలాసార్లు కారణం నిద్ర లేకపోవడం. రాత్రి ఆవిడ లేచి తిరుగుతుంటే మీకు మెలకువ వస్తోంది కదా, లేచి పట్టుకొస్తున్నారు కదా. తిట్టుకుంటూ లేచినా లేచినట్టే.

ఇప్పుడు చేయాల్సిన పనులు చెబుతాను. ఈ జబ్బున్న చాలామందిలో పొద్దువాలే వేళకు గాభరా, ఏడుపు, తిరుగుడు ఎక్కువవుతాయి. మీవారు సాయంత్రం తలుపేసుకునే గంట సరిగ్గా అదే. కాబట్టి ఆ గంట ప్రార్థనను తల్లి గదిలోకి మార్చమనండి. మానేయమనడం లేదు, చోటు మార్చమంటున్నాను. మనసులో కాకుండా పైకి, నెమ్మదిగా, ఆవిడ చెయ్యి పట్టుకుని చేయమనండి. పేర్లు, మొహాలు పోయాక కూడా చిన్నప్పుడు నేర్చుకున్న పాటలు, ప్రార్థనలు ఇలాంటివాళ్ళలో చాలాకాలం మిగిలి ఉంటాయి. ఆవిడ గొంతు కలపవచ్చు, కలపకపోవచ్చు. కొడుకుని గుర్తుపట్టని తల్లి అతను మొదలుపెట్టిన ప్రార్థనలో తర్వాతి మాట అందుకోవడం జరగని పని కాదు. రాత్రి రెండో సగం కాపలా ఆయనది. ఎలాగూ తెల్లవారకముందే లేచే అలవాటు ఉంది కాబట్టి ఇంకాస్త ముందు లేస్తారు. పొద్దున ఆయన గదిలో ఒక గంట మీది. తలుపేసుకోండి.

కూర్చుంటే నిద్రొస్తే నిద్రపోండి. బైబిల్లో ఏలీయా ప్రవక్త ఇక నా వల్ల కాదు, నా ప్రాణం తీసేయమని దేవుడితో మొరపెట్టుకుని ఒక చెట్టు కింద పడి నిద్రపోయాడు. దేవుడు ఉపదేశం మొదలుపెట్టలేదు. దూత వచ్చి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. దేవుడి మాట వినిపించింది ఆ తర్వాతే.

ప్రశ్న: అమ్మా, నాకు ఒక్కతే పాప. ఆరేళ్ళది. ఈ మధ్య ఒక ప్రసంగంలో, దేవుడి కన్నా ఎక్కువగా దేన్ని ప్రేమిస్తే దాన్ని దేవుడు మన దగ్గర్నుంచి తీసేసుకుంటాడని చెప్పారు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. నిజం చెప్పాలంటే నేను దేవుడి కన్నా పాపనే ఎక్కువ ప్రేమిస్తాను. మొన్న దానికి జ్వరమొస్తే నా వల్లే వచ్చిందని రాత్రంతా ఏడ్చాను. నా ప్రేమ తగ్గించుకోవాలా?
– ఒక తల్లి

జవాబు: తల్లీ, పాప జ్వరం మీ ప్రేమ వల్ల రాలేదు. పసిపిల్లల మీద పగ తీర్చుకునేవాణ్ణి దేవుడని ఎవరైనా చెబితే, ఎంత పెద్దవారు చెప్పినా సరే, నమ్మకండి. ప్రేమ తగ్గించుకోవద్దు, ఒక్క చుక్క కూడా.

యశోద సంగతి చూడండి. కృష్ణుడు మన్ను తిన్నాడని పిల్లలు చెబితే నోరు తెరవమంది. ఆ చిన్న నోట్లో కొండలు, సముద్రాలు, చుక్కలు, సమస్త లోకాలూ కనిపించాయి. తన బిడ్డ ఎవరో ఆమెకు ఒక్క క్షణం తెలిసింది. దండం పెట్టి ధ్యానంలో కూర్చోవాల్సిన ఘట్టం అది. కానీ భాగవతం ఏం చెబుతుందంటే, భగవంతుడే ఆమె మీద మళ్ళీ పుత్రప్రేమను కప్పేశాడు. ఆమె అంతా మరిచిపోయి ఎప్పటిలాగే పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. దేవుడిగా కొలిపించుకునే వీలుండి కూడా ఆయన కొడుకుగా ఉండిపోవడానికే ఇష్టపడ్డాడు. ఆ కథ విన్న భక్తులెవరూ యశోద ప్రేమను తక్కువ చేయలేదు, భక్తి మార్గాల్లో దానికి గొప్ప చోటిచ్చారు.

మత్తయి సువార్తలో 'కొడుకునైనా కూతురినైనా నాకన్నా ఎక్కువగా ప్రేమించేవాడు నాకు తగడు' అనే మాట ఉంది. మీరు విన్న ప్రసంగానికి అదే ఆధారం కావచ్చు. కానీ తీసేసుకుంటానని అక్కడ లేదు. దాన్ని నేను ఎలా అర్థం చేసుకుంటానో చెబుతాను. మీ పాప బళ్ళో ఇంకో పిల్ల చెయ్యి కొరికిందనుకోండి. టీచరు ఫోను చేస్తుంది. ఆ పూట మీరు మీ పాప పక్షాన అబద్ధమాడతారా, ఏడుస్తున్న ఆ రెండో పిల్ల పక్షాన నిలబడతారా? దేవుడు ముందుండాలంటే అక్కడ ఉండాలి. మీ పాప కోసం కూడా మీరు చేయని పనులు కొన్ని ఉండాలి: అన్యాయం, అబద్ధం, ఇంకొకరి బిడ్డ నోటి దగ్గరిది లాక్కోవడం. గుండెలో ఎవరి మీద ఎంత పొంగుతోందని కొలుచుకోకండి, ఆ కొలత మనుషుల చేతుల్లో లేదు. తొమ్మిది నెలలు మోసిన బిడ్డ మీద పొంగు ఎక్కువే ఉంటుంది. అలా ఉండేట్టు మిమ్మల్ని పుట్టించినవాడికి అది తెలియదా?

ప్రశ్న: నమస్కారమండీ. నాకు ఇరవై ఏడేళ్ళు. దేవుడి మీద నమ్మకం లేదు. మనుషుల్ని ప్రేమిస్తే చాలని నా అభిప్రాయం. శనివారాలు ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళి అక్కడివాళ్ళకు చేతనైన సాయం చేస్తుంటాను. ఈ మధ్య ఒక పెద్దాయన వచ్చారు. అందర్నీ బూతులు తిడతారు, పెట్టిన కంచం విసిరేస్తారు. ఆయన గదికి వెళ్ళాలంటేనే మనసు రావడం లేదు. మా అమ్మ, "దేవుణ్ణి నమ్మితే అలాంటివాళ్ళని కూడా ప్రేమించగలవు, నీ ప్రేమ ఇంతవరకే" అంటోంది. నిజమేనా?

జవాబు: బాబూ, మీ అమ్మగారి మాట సగం నిజం. పైన ఒక అమ్మకు రాసిన జవాబులో నేనూ దాదాపు అదే అన్నాను, అది నా అనుభవం. కానీ నమ్మినవాళ్ళందరికీ ఆ శక్తి వస్తుందని అనలేను. మొదటి ఉత్తరంలో తలుపు తీయని భక్తుడు ఉన్నాడు, మూడో ఉత్తరంలో శనివారాలు వృద్ధాశ్రమానికి వెళ్ళే నాస్తికుడు ఉన్నాడు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టుకుని మీ అమ్మగారి మాటకు పూర్తిగా ఊఁ కొట్టలేను.

సృష్టికర్త అయిన దేవుడి ప్రసక్తి లేకుండానే ఈ విషయం చెప్పిన మహానుభావుడు ఉన్నాడు. బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్నాడు. బుద్ధుడు తన శిష్యుడు ఆనందుడితో కలిసి అటుగా వచ్చి చూశాడు. నిన్ను చూసుకునేవాళ్ళు లేరా అని అడిగాడు. లేరన్నాడు. ఎందుకు లేరంటే, నేను మిగతా భిక్షువులకు ఏ సాయమూ చేయను, అందుకే వాళ్ళు నన్ను పట్టించుకోరు అన్నాడు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. బుద్ధుడు నీళ్ళు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తల వైపు ఒకరు, కాళ్ళ వైపు ఒకరు పట్టుకుని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులందర్నీ పిలిచి, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అన్నాడు.

ఆ భిక్షువు చెప్పిన కారణం ఇంకోసారి చదవండి. అతను ఎవరికీ పనికిరాలేదు, అందుకే ఎవరూ రాలేదు. మీ పెద్దాయన సంగతీ అలాగే ఉంది. తిడతాడు కాబట్టి ఎవరూ వెళ్ళరు. ఎవరూ రారు కాబట్టి ఇంకా తిడతాడు. బుద్ధుడు అతన్ని ప్రేమించమని ముందు చెప్పలేదు, నీళ్ళు తెమ్మన్నాడు. మీరూ ప్రేమ పుట్టేదాకా ఆగకండి. ఆయన కంచం విసిరేముందు ఏం జరుగుతోందో చూడండి. పళ్ళు లేక నమలలేకపోతున్నారా? చెవులు వినపడక, వెనక నుంచి ఎవరైనా ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నారా? ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉండి చెప్పుకోలేకపోతున్నారా? ముసలితనంలో కోపం వెనక చాలాసార్లు ఇలాంటి కారణమే ఉంటుంది. ఎదురుగా వెళ్ళి, ఆయన కళ్ళు మీ మీద పడ్డాకే మాట్లాడండి. మీకు కనిపించింది అక్కడి నర్సుకు చెప్పండి.

ఒకవేళ ఇవన్నీ చేశాక కూడా ఆయన తిడుతూనే ఉంటే, మీరు కొన్నాళ్ళు ఆ గదికి దూరంగా ఉండొచ్చు. భాగవతం పదకొండో స్కంధంలో భక్తుల్ని మూడు తరగతులుగా చెప్పారు. అందరిలోనూ దేవుణ్ణి చూసేవాడు ఉత్తముడు. మధ్యముడు దేవుడి మీద ప్రేమతో, భక్తులతో స్నేహంగా, తెలియనివాళ్ళ మీద దయతో ఉంటాడు, ద్వేషించేవాళ్ళ జోలికి వెళ్ళడు. ఆ వెళ్ళకపోవడాన్ని అక్కడ తప్పుగా చెప్పలేదు. విగ్రహానికి శ్రద్ధగా పూజ చేసి తోటివాళ్ళని పట్టించుకోనివాడు మూడోవాడు, అతనిది ఇంకా మొదటి మెట్టు. మీ అమ్మగారు పుస్తకాలు చదివేవారైతే ఈ భాగం ఆవిడకు చూపించండి. ఆవిడతో వాదన మాత్రం పెట్టుకోకండి. వచ్చే శనివారం మీతో పాటు ఆవిణ్ణీ తీసుకెళ్ళండి. ఆ పెద్దాయన గదికి ఈసారి ఇద్దరూ కలిసి వెళ్ళండి.